ముసురుకీ ఆరని దీపం

విశాఖ అంటే సముద్రం, ఓడలు, ఉక్కు. అక్కణ్నుంచి ఇంకో గంట ప్రయాణం చేస్తే కరెంటు పుట్టే చోటు! ఎండను చెరువు మీద పట్టి, దాంతో నీళ్లను విడగొట్టి, రాత్రికి దీపం వెలిగించే పథకాన్ని ఆ చోటే తలపెట్టారు. ఆ దీపం నిజంగా ఎవరికి అవసరమో తెలియాలంటే పరవాడ దాకా వెళ్లి, అక్కణ్నుంచి కొండలవైపు చూడాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన రోజు. ఎంవీపీ కాలనీలో పిన్నివాళ్లింట్లో ఉన్నాం. గంటకు 180 కిలోమీటర్ల గాలి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. తెల్లారి తలుపు తీస్తే వీధి లేదు... చెట్లూ, కరెంటు స్తంభాలూ, తీగలూ కలిసిపోయిన ఒక కుప్ప ఉంది.

ఆ తర్వాతే అసలు కష్టం. మోటారు తిరగదు కాబట్టి ట్యాంకులో నీళ్లు లేవు. సెల్‌ఫోన్ చార్జింగ్ కోసం జనరేటరున్న దుకాణం ముందు వరసలో నిలబడ్డాం. ఎన్నో రోజుల తర్వాత వీధిలో బల్బు వెలిగినప్పుడు పిల్లలు ఈలలేశారు. పిన్ని దేవుడి గదిలోకి వెళ్లి దణ్నం పెట్టుకుంది. 'పక్కనే అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ పెట్టుకుని మనకీ అవస్థేంట్రా' అన్నాడు బాబాయి.

తప్పు ఫ్యాక్టరీది కాదు, తీగది. కరెంటు ఎంత తయారైనా తీగ తెగితే చీకటే. నగరంలో కొన్నిచోట్ల ఆ తర్వాత తీగల్ని భూమిలోకి దించారు. కానీ బాబాయి మాట మాత్రం నాలో ఉండిపోయింది. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు ఆ ఫ్యాక్టరీ దారి పట్టాను.

బొగ్గు ఊళ్లో ఎండ పంట

గాజువాక దాటి, కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు కర్మాగారాన్ని పక్కనపెట్టి, లంకెలపాలెం కూడలిలో పరవాడ రోడ్డెక్కితే దూరం నుంచే పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే ఎన్‌టీపీసీ సింహాద్రి విద్యుత్కేంద్రం. అప్పన్న కొండ పేరే దీనికీ పెట్టారు. 2002లో మొదలై, 2012 నాటికి నాలుగు యూనిట్లతో 2000 మెగావాట్లకు ఎదిగింది. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి వస్తుంది. నీళ్లు నేరుగా బంగాళాఖాతం నుంచే!

లోపలికి అనుమతి లేనిదే వెళ్లలేం. ఆవరణలో ఉన్న జలాశయం మీద మాత్రం ఓ విశేషముంది. 2021 ఆగస్టులో అక్కడ 25 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం మొదలైంది. లక్షకు పైగా సౌరఫలకాలు 75 ఎకరాల నీటి మీద పరుచుకుని ఉంటాయి. గాలికి కొట్టుకుపోకుండా లంగర్లేసి పట్టి ఉంచుతారు. నేల ఖర్చు లేదు, నీరు ఆవిరవడమూ తగ్గుతుంది. దాదాపు 7 వేల ఇళ్లకు వెలుగివ్వగలదనీ, ఏటా కనీసం 46 వేల టన్నుల బొగ్గుపులుసు వాయువును ఆపుతుందనీ అంచనా.

అంతా బాగానే ఉంది. మరి పొద్దుగూకితే?

పగటి ఎండ... రాత్రి వెలుగు

ఆ ప్రశ్నకు జవాబుగానే 2021 డిసెంబరులో ఎన్‌టీపీసీ ఓ చిన్న ప్రాజెక్టు ప్రకటించింది. దేశంలో ఈ తరహాలో మొదటిదన్నారు. సింహాద్రి అతిథిగృహానికి పెద్ద తీగలతో పని లేకుండా, హైడ్రోజన్‌తోనే రాత్రంతా కరెంటివ్వడం దాని లక్ష్యం. పనిని బ్లూమ్ ఎనర్జీ సంస్థకు అప్పగించారు.

పథకం ఇదీ. పగలు నీటి మీది ఫలకాల నుంచి వచ్చే కరెంటు 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్‌కు వెళ్తుంది. అది నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. హైడ్రోజన్‌ను ఎక్కువ ఒత్తిడితో ట్యాంకుల్లో దాచిపెడతారు. సాయంత్రం అయిదు నుంచి మర్నాడు ఉదయం ఏడు దాకా ఆ వాయువు 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్‌లోకి వెళ్లి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ నీరవుతుంది. ఆ కలయికలో కరెంటు పుడుతుంది. పొగ లేదు, మసి లేదు.

ఇక్కడ ఓ చిక్కుంది. లెక్క వేసి చూడండి. ఎలక్ట్రోలైజర్ ఎనిమిది గంటలు పూర్తిగా నడిస్తే 1,900 యూనిట్లకు పైగా తాగుతుంది. ఫ్యూయల్ సెల్ పద్నాలుగు గంటలు నడిచినా తిరిగిచ్చేది 700 యూనిట్లే. అంటే మూడు రూపాయలు దాస్తే చేతికి వచ్చేది రూపాయికి కాస్త ఎక్కువ. అదే లిథియం బ్యాటరీలో పెడితే పదిలో తొమ్మిది వంతుల దాకా వెనక్కొస్తుంది. మరి ఇంత నష్టం ఎందుకు?

జవాబు మన పాతకాలపు ఇళ్లలోనే ఉంది. బ్యాటరీ జేబులాంటిది... రోజువారీ ఖర్చుకు భేషు. కానీ వారానికి సరిపడా నింపాలంటే అన్ని బ్యాటరీలు కొనాలి, ఆ ఖర్చు తడిసి మోపెడవుతుంది. హైడ్రోజన్ గాదెలాంటిది. ఎక్కువ రోజులకు కావాలంటే మరో ట్యాంకు చేర్చుకుంటే చాలు. జేబూ ఉండాలి, గాదే ఉండాలి. నీళ్లు కూడా మరీ ఎక్కువేం అక్కర్లేదు. కిలో హైడ్రోజన్‌కు విడగొట్టే శుద్ధమైన నీరు తొమ్మిది లీటర్లే. ఖరీదు మాత్రం ఇంకా ఎక్కువ. పైగా ఆ వాయువు సన్నని సందు దొరికితే జారిపోతుంది, ఇట్టే అంటుకుంటుంది. జాగ్రత్త తెలిసిన మనుషులు పక్కన ఉండి తీరాలి.

కొండ మీది లెక్క

ఈ ప్రయోగం అతిథిగృహం కోసమే కాదు. డీజిల్ జనరేటర్ల మీద బతికే లద్దాఖ్ లాంటి మారుమూల ప్రాంతాలకు దారి చూపడానికని అప్పుడే చెప్పారు. కానీ లద్దాఖ్ దాకా ఎందుకు? నన్ను పరవాడలో తిప్పిన ఆటో అతని అత్తవారిది మాడుగుల అవతల కొండ మీది ఊరు.

'తీగ వచ్చింది సార్, రాలేదనను. ముసురు పట్టిందంటే దాని మీద చెట్టు పడిపోద్ది. లైన్‌మేన్ ఎక్కి రావాలంటే గెడ్డ పొంగుతాది. సోలార్ లైట్లూ ఉన్నాయి. నాలుగు రోజులు ఎండ రాపోతే అవీ ఎలగవు' అన్నాడు.

బ్యాటరీ ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు. ఇంటికి అర కిలోవాట్ చొప్పున చూస్తే ఆ 50 కిలోవాట్లు వంద గడపలకు సరిపోతాయి. కొండలకు మన బాకీ కూడా ఉంది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ నుంచీ, తర్వాత సీలేరు నుంచీ మైదానానికి కరెంటు ఇచ్చింది ఆ ఏజెన్సీ నీళ్లే. ఆ నీళ్ల పక్కన ఉన్న గూడేలకు మాత్రం దీపం ఆలస్యంగా చేరింది.

పరవాడకు దక్షిణంగా, అదే తీరంలో పూడిమడక ఉంది. మత్స్యకారుల ఊరు. ఆ పక్కనే హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. సుమారు 1.85 లక్షల కోట్ల పెట్టుబడి, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. ఎక్కువగా ఎగుమతికే. సాయంత్రం అక్కడ ఒడ్డున నిలబడ్డాను. పడవలు తిరిగొస్తున్నాయి. రోజుకు 1,500 టన్నులు ఓడలెక్కితే అందులో ఓ నలభై కిలోలు కొండెక్కలేవా? నలభై కిలోలుంటే ఆ వంద ఇళ్లకు ఓ రాత్రి గడిచినట్టే.

తిరుగు దారిలో ఆటో అతనికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. లంకెలపాలెంలో డబ్బులు తీసుకుంటూ ఒక్కటే అడిగాడు... 'వచ్చే ముసురుకి వస్తాదా సార్?'