ఉప్పల్ నుంచి నాచారానికి, వయా మృదంగం

మృదంగం వాయించేవాడికి ఉండే జబ్బు ఒక్కటే. ఏది విన్నా లెక్కపెడతాడు. కుక్కర్ విజిల్, పక్కింటాయన దగ్గు, బోరు మోటారు, దేన్నీ వదలడు. మా హాల్లో ఫ్యాను ఖండచాపులో తిరుగుతోందని చెబితే, ఎలక్ట్రీషియన్ని పిలవమంది మా ఆవిడ. నేనే పిలవలేదు. బాగుచేస్తే ఆదితాళంలోకి దిగుతుంది, ఇక నాకు నిద్రెలా పడుతుంది?

2025 ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి. నాచారంలో ఓ కాలనీ పందిట్లో సాయంత్రం ఏడింటికి గాత్ర కచేరీ, పక్కవాద్యం నాది. ఉప్పల్ నుంచి నాచారం ఎంతని? మామూలు రోజుల్లో అయితే బండి తీస్తే చేరిపోతాం. కానీ ఆ రోజే ఏడున్నరకు ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్‌కీ గుజరాత్ టైటాన్స్‌కీ మ్యాచ్. రాములవారి ముహూర్తం పంచాంగం పెట్టింది, క్రికెట్ ముహూర్తం బోర్డు పెట్టింది, మధ్యలో మృదంగం భుజాన వేసుకుని నేను. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు గానీ, మద్దెల ఎవరితో మొరపెట్టుకోవాలో పెద్దలు చెప్పలేదు. రోడ్డు వద్దనుకుని మెట్రోకి నడిచాను.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకు ఈ ఊరి మీద ఒక రకమైన వృత్తిపరమైన ప్రేమ పుడుతుంది. ఇదీ నాలాంటిదే, పక్కవాద్యం. వరంగల్ బస్సు కోసం వచ్చేవాళ్లు, యాదగిరిగుట్ట వెళ్లేవాళ్లు, మెట్రో దిగి బోడుప్పల్ ఆటో ఎక్కేవాళ్లు, అందరూ దీని మీదుగా పోతారు. ఉప్పల్ చూద్దామని మాత్రం ఎవరూ రారు. పైన 2023లో తెరిచిన స్కైవాక్ గుండ్రంగా తిరుగుతుంది. వరంగల్ దారిలో 2018లో ఎత్తుకున్న ఫ్లైఓవర్ పల్లవి దగ్గరే సంగతులు వేస్తూ ఉండిపోయింది, అనుపల్లవి ఎప్పుడో ఆ స్తంభాలకే తెలియాలి. అయితే మ్యాచ్ ఉన్న రోజు వేరు. ఆ నాలుగు గంటలూ దేశమంతా ఉప్పల్ పేరు పలుకుతుంది. అది ఈ ఊరి తని ఆవర్తనం, ఒంటరిగా మోగే వంతు. తక్కిన రోజుల్లో మళ్లీ ఎవరో పాడుకుంటూ పోతుంటే వెనకాల తాళం వేసుకోవడమే.

స్టేషన్లో సంచీ స్కానర్‌లోకి వెళ్లింది. బెల్టు ఆగింది. సెక్యూరిటీ తమ్ముడు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సార్, గీ రాయేంది?"

మృదంగం కుడివైపు శ్రుతి దిగితే అంచు మీద రాయితో కొట్టి ఎక్కిస్తాం, ఎక్కువైతే కింది నుంచి కొట్టి దింపుతాం. రాయికీ చర్మానికీ మధ్యన పెట్టి కొట్టడానికి ఒక కట్టె ముక్క ఉంటుంది. ఇదంతా వివరించాను. అతను ఓపిగ్గా విని, "అంటే రాయి, కట్టె రెండూ ఉన్నయన్నట్టు" అన్నాడు. స్టేడియానికి జనం కిక్కిరిసి పోతున్న రోజున, పంచె కట్టుకున్న పెద్దమనిషి రాయీ కట్టే పట్టుకుని రైలెక్కుతానంటే ఎవరికైనా అనుమానమే. అంతలో ప్లాస్టిక్ కవర్లో తెల్లటి పొడి కూడా బయటపడింది.

"ఇది?"

"బొంబాయి రవ్వ."

"ఉప్మాకా?"

"తొప్పికి."

ఎడమవైపు చర్మాన్ని తొప్పి అంటాం. కచేరీకి ముందు రవ్వలో నీళ్లు పోసి మెత్తగా పిసికి, ఆ ముద్దను చర్మం మధ్యలో బొటనవేలితో అదుముతూ గుండ్రంగా పరుస్తాం. ముద్ద పల్చనైతే మోత తేలిపోతుంది, మందమైతే మూగబోతుంది. సరిగ్గా కుదిరినప్పుడు అరచెయ్యి వేస్తే నేల లోపలి నుంచి వచ్చినట్టు 'గుం' మంటుంది. కచేరీ అయ్యాక గీకి పారేస్తాం. పొద్దుటి టిఫిన్‌కి దాచిన డబ్బాలోంచే తీస్తానని మా ఇంట్లో దీని మీద పాత కేసొకటి నడుస్తోంది.

తమ్ముడు నవ్వేసి, "ఒక్కసారి వాయించుండ్రి సార్, నమ్ముత" అన్నాడు. సంచీ జిప్పు తీసి 'తకధిమి' అని నాలుగు దెబ్బలు వేశాను. వెనక క్యూలో ఆరెంజ్ చొక్కాల కుర్రాళ్లు ఈలలు వేశారు. అంత వెచ్చటి శ్రోతలు నాకు సభల్లో దొరకలేదు.

రైలు పెట్టెలో కూడా వాళ్లే. ఒకడు, "అన్నా, డోలు లోపలికి రానియ్యరు" అని జాలిపడ్డాడు. నాచారం పందిరికి వెళ్తున్నానంటే ఇంకా జాలిపడ్డాడు. మాటల్లో, 2024 మార్చి 27న ఇక్కడే సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టిన సంగతి తీశాడు. నా జబ్బు లేచింది. 277ను ఆదితాళంలో కూర్చోబెడితే 34 ఆవర్తనాలు, మిగిలేది 5. అంటే చివర్లో ఒక్క 'తదిగిణతొం' వేసి ముగించొచ్చు. 2025 మార్చి 23న రాజస్థాన్ మీద 286. అందులో 35 ఆవర్తనాలు పోగా మిగిలేది 6, ఒక సిక్సర్. ఇది వాడికి చెప్పాను. వాడు పక్కవాడికి చెప్పాడు. స్టేడియం స్టేషన్లో పెట్టె మొత్తం దిగిపోయింది. నా లెక్క వల్ల కాదనుకుంటాను.

తర్వాతిది ఎన్‌జీఆర్ఐ. 1961 నుంచి భూమి లోపలి కదలికలు వింటున్న సంస్థ, అంటే మా తొప్పి వ్యవహారమే పెద్ద ఎత్తున. దాన్ని దాటుతున్నప్పుడల్లా సి.వి. రామన్ గుర్తొస్తాడు. నోబెల్ రావడానికి పదేళ్ల ముందే, 1920లో, మృదంగం మీద 'నేచర్' పత్రికకు రాశాడాయన. మామూలు డప్పు చర్మంలో పుట్టే అనుస్వరాలకు ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరదు. కుడివైపు మధ్యలో పొరలు పొరలుగా వేసిన నల్లటి కరణి బరువు వల్లే అవి తీగ వాద్యంలోలా వరసలో కూర్చుంటాయని చూపించాడు. మా గురువులు ఇదే విషయాన్ని "సరిగ్గా అరగదీయకపోతే ఏడుస్తుందిరా" అని చెప్పేవారు. పత్రికలో పడదు గానీ మాట ఒకటే.

హబ్సిగూడలో దిగి షేర్ ఆటో ఎక్కాను. "తబలానా సార్?" అన్నాడు డ్రైవరు. అవునన్నాను. ఎక్కడెక్కడని దిద్దుతాం? ఆటో ఆగి ఉన్నప్పుడు ఇంజను శుద్ధ తిశ్రం, 'తకిట తకిట'. కదిలాక ఏ నడకో ఆ భగవంతుడికి కూడా తెలీదు. స్పీడ్ బ్రేకర్ల మధ్య దూరం ఏ శాస్త్రానికీ అందదు, ప్రతిదీ అతీతమే, మనం ఊహించేలోపే వచ్చి పడుతుంది.

నాచారం ఆదివారం కాబట్టి షెడ్లన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. మామూలు రోజుల్లో ఈ ఇండస్ట్రియల్ ఏరియాలో పంచింగ్ మిషన్లు పొద్దంతా కాలప్రమాణం చెడకుండా కొడుతుంటాయి. మా శిష్యుల్ని వారం రోజులు ఇక్కడ కూర్చోబెట్టాలని నాకెప్పటి నుంచో ఉంది. ఎన్టీ రామారావు తన రామకృష్ణా స్టూడియో కట్టింది ఈ నాచారంలోనే. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో కర్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. ఆ పద్ధతి మా రంగంలోకి రాకపోవడం మా అదృష్టం అనుకునేవాణ్ని. ఇప్పుడు కీబోర్డు వచ్చి ఆ పనే చేస్తోంది, వయొలిన్, వేణువు, మృదంగం అన్నీ అందులోనే. దానికి రవ్వ ఖర్చు కూడా లేదు.

పందిట్లో పానకం ఇచ్చారు, మిరియం ఘాటు దండిగా ఉంది. ఏడన్న కచేరీ ఏడున్నరకు మొదలైంది. వర్ణంలో ఉండగానే వెనక వరసలో ఒక 'అయ్యో' వినిపించింది, ట్రావిస్ హెడ్ మొదటి ఓవర్లోనే అవుటు. తీసింది సిరాజ్. హైదరాబాద్ పిల్లవాడు, ఆడుతున్నది గుజరాత్‌కి. ఆ సాయంత్రం అతనికి 17 పరుగులకు 4 వికెట్లు. పడ్డ ప్రతిసారీ పందిరి రెండుగా చీలింది, జట్టు కోసం ఏడ్చేవాళ్లు కొందరు, ఊరివాడి కోసం మురిసేవాళ్లు కొందరు. రామదాసు కీర్తన అయ్యాక నాకు తని వదిలారు. తని అనగానే లేచి వెళ్లడం సభల్లో ఆచారం, ఇక్కడ ఎవరూ లేవలేదు. ముగింపు కోర్వై మూడోసారి తిప్పి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, తెచ్చిన క్షణాన వెనక పెద్ద కేక లేచింది. ముందు వరస పెద్దలు అది నాకేననుకుని చప్పట్లు అందుకున్నారు. నేనూ నమస్కారం పెట్టేశాను.

"జనం కదలలేదు సార్," అన్నాడు కమిటీ ఆయన కవరు చేతిలో పెడుతూ. "మీ తని టైంకే పులిహోర పంచమన్న."

భోజనాలు అయ్యేసరికి మ్యాచ్ ముగిసింది. తిరుగు ఆటో డ్రైవరు దిగాలుగా ఉన్నాడు. "152 కొట్టి ఎట్ల గెలుస్తరు సార్?"

152. నా వేళ్లు వాటంతటవే కదిలాయి. సరిగ్గా 19 ఆవర్తనాలు, శేషం సున్నా. "సమానికి వచ్చిందయ్యా" అన్నాను.

"ఏం సమానం సార్, ఇంక 20 బంతులుండంగనే ఏడు వికెట్లతోటి పోయిండ్రు," అన్నాడు. "ఉప్పల్ రింగ్ రోడ్డా? మ్యాచ్ ట్రాఫిక్ ఉంటది. ఇంకో యాభై ఇయ్యాలె."