సాంచల నడుమ తిరిగితే నడిచినట్టేనా?

ఇటు జరగండి, మంట ఇప్పుడే అందుకుంది. ఇవాళ మగవాళ్లు కడుపులోనే దాచుకునే ముచ్చట ఒకటి మాట్లాడుకుందాం.

ప్రోస్టేట్ క్యాన్సర్ తొలిదశలో ఉండి, తీవ్రత తక్కువని తేలితే డాక్టరు ఒక్కోసారి ‘ఆపరేషన్ ఇప్పుడే వద్దు, కనిపెట్టుకుని ఉందాం’ అంటారు. కొన్ని నెలలకోసారి పీఎస్‌ఏ రక్తపరీక్ష, అవసరాన్నిబట్టి ఎమ్మారై, మళ్లీ బయాప్సీ. అంతే, ఇంటివాళ్లు మంచం వాల్చేస్తారు. ‘బాపూ, నువ్వు కదలకు’ అని దుబాయి నుంచి కొడుకు ఫోన్. నా మనసు చివుక్కుమనేది అక్కడే. కనిపెట్టేది డాక్టరు, కదలాల్సింది మనం.

బ్రిటన్‌లో ఈ జబ్బున్న 1,643 మందిని మూడు జట్లు చేసి పదిహేనేళ్లు చూశారు: ఒక జట్టుకు ఆపరేషన్, ఒకదానికి రేడియేషన్, ఒకదాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఏ జట్టులోనైనా ఈ జబ్బుతో పోయింది నూటికి ముగ్గురు, అటూ ఇటుగా. పోయినవాళ్లలో ఎక్కువమందివి వేరే కారణాలు. అందుకే కదలాలి, గుండెనూ చూసుకోవాలి అంటున్నా.

సాంచల (మరమగ్గాల) సిరిసిల్లలో ‘కసరత్తు చేయండి’ అంటే వచ్చే జవాబు నాకు తెలుసు: ‘పన్నెండు గంటలు సాంచల నడుమనే తిరుగుత, ఇంకేం కసరత్తు?’ ఆ కాళ్లనొప్పి అబద్ధం కాదు. తెగిన పోగు అతకాలి, కండె మార్చాలి, పక్క సాంచ దగ్గరికి నాలుగడుగులు వేయాలి. ఒళ్లు హూనమవుతుంది గానీ ఊపిరి వేగం అందుకోదు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఆపరేషన్ లేకుండా పరీక్షల మీదే ఉన్న 52 మంది ప్రోస్టేట్ రోగుల్లో సగంమందిని పన్నెండు వారాలు, వారానికి మూడుసార్లు ట్రెడ్‌మిల్ ఎక్కించారు. కాసేపు ఆయాసం వచ్చేదాకా, కాసేపు నెమ్మదిగా. 2021లో అచ్చైన ఫలితాల్లో వాళ్ల పీఎస్‌ఏ మిగతా సగంమంది కన్నా మెరుగ్గా ఉంది. చిన్న పరిశోధనే, జబ్బు మాయమైందని ఎవరూ అనలేదు. నాకైతే ఆ మాత్రం ఆశ చాలు.

ట్రెడ్‌మిల్ ఎక్కడిదంటారా? గుండెజబ్బు, బీపీ ఉంటే ముందు డాక్టరును అడగండి. ఆ తర్వాత జగిత్యాల వాళ్లకు ఖిల్లా చుట్టూ దారి ఉంది, కొండగట్టు మెట్లున్నాయి. కోరుట్లలో పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టే ఇల్లాలిని కూడా లేపి వెంట తీసుకుపోండి, ఆమె నడుముకూ కావాలి ఆ నడక.

ఒక్కటి మరిచిపోకండి. గట్టి కసరత్తు, సైకిలు తొక్కడం పీఎస్‌ఏ అంకెను కాస్త పెంచొచ్చు. సోమవారం పరీక్షకు రక్తం ఇచ్చేదుంటే శనివారం పొద్దున్నే సైకిలును గోడకు ఆనించండి.