రాంపూరుకు చాకు తీసుకెళ్లాను

నా జేబులో ఎప్పుడూ ఒక చాకు ఉంటుంది. ఈ సంగతి తెలియగానే కొత్తవాళ్లు కాస్త ఎడంగా జరిగి కూర్చుంటారు. కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పుకునే వాణ్ణి. నా చాకు ఇంతవరకూ మామిడికాయల మీద తప్ప ఎవరిమీదా చెయ్యి చేసుకోలేదు. అయినా ప్రయాణం అనేసరికి మా ఆవిడ, "అది ఇంట్లో పెట్టి వెళ్లండి. మిమ్మల్ని పోలీసులు పట్టుకుంటే జామీను ఇవ్వడానికి అంత దూరం ఎవరొస్తారు?" అంటుంది.

ఆ చాకు మా నాన్నగారిది. అంతకుముందు తాతగారిది, ఆయన మద్రాసులో కొన్నారట. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో జోసెఫ్ రాడ్జర్స్ వారు చేసిన సరుకు. కొమ్ము పిడి, రెండు అలుగులు, పెద్ద అలుగు మొదట్లో నక్షత్రం, దాని పక్కన శిలువ గుర్తు. ఇంగ్లీషువాళ్లు ఇటువంటి చాకును పెన్‌నైఫ్ అంటారు. పూర్వం పక్షి ఈకతో రాసేవారు గనుక, ఆ ఈకను చెక్కుకోవడానికి పుట్టిందన్నమాట. ఆ మాటకొస్తే మన గంటాలు కూడా కొన్ని ఇలాంటివే. ఒకే పిడిలో ఒకవైపు రాసే మొన, మరొకవైపు తాటాకు కత్తిరించే చిన్న అలుగు మడిచి ఉండేవి. రాసేవాడికీ కత్తికీ చుట్టరికం పాతదే.

పోతే, కొంతకాలంగా ఈ చాకు కీలు వదులైంది. కోస్తూ ఉండగానే అలుగు మడతపడి ఒకసారి నా చూపుడువేలు తెగినంత పనైంది. మా ఊళ్లో సైకిలు మీద వచ్చే సానవాడు, "పదునైతే పెడతాను గాని కీలు సంగతి నాకు తెలియదు బాబూ" అన్నాడు. సంక్రాంతి సెలవుల్లో రాంపూరు రజా గ్రంథాలయం చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. చాకులకు పేరుపడ్డ ఊరూ అదే. రెండు పనులూ ఒక ప్రయాణంలో అవుతాయని బయలుదేరాను.

ఢిల్లీలో రైలు మారాను. పొగమంచు వల్ల బండి నత్తనడక నడుస్తోంది. పొద్దుపోక, కొన్న జామకాయలు కోయబోతుంటే ఎదుటి సీటులోని పెద్దాయన నా చేతికేసే చూస్తున్నాడు. కాసేపటికి తన కోటు జేబులోంచి ఆయనా ఒక చాకు తీశాడు! బరేలీ దగ్గర మామిడితోట ఉందట. అది అంట్లు కట్టే చాకు. అలుగుకు ఒకవైపే వాలు, రెండోవైపు చదును. పిడి చివర చెట్టు బెరడు పైకెత్తడానికి మొద్దుగా ఒక నాలుక.

"దీనితో పండు కోయరా?" అని అడిగాను, సభ పరీక్షల్లో నేర్చుకున్న హిందీలో.

"అంటు కోసే అలుగు పండుకు తగలనివ్వను మాస్టర్‌జీ. పండుకు వేరే ఉంది" అని రెండో జేబులోంచి రెండోది తీశాడు.

ఇక మాకు మొరాదాబాదు ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆయన పండ్లచాకు తుప్పుపట్టని ఉక్కు. నాది పాత ఉక్కు, జామకాయ తగిలితే నల్లబడుతుంది. "ప్రతిసారీ తుడుచుకునే ఓపిక ఎవరికుంది?" అని ఆయన. "తుడుచుకునే ఓపిక లేనివాడికి చాకెందుకు?" అని నేను. ఒకసారి చూస్తానన్నాడు. చాకు చేతికి చేయి ఇస్తే తగువు వస్తుందని మా ఇంటి ఆచారం. అందుచేత మడిచి బల్లమీద పెట్టాను. ఆయన పకపకా నవ్వి, "మా అమ్మ కూడా ఇంతే" అన్నాడు. వాదరను బొటనవేలి గోటిమీద మెల్లగా ఆనించి చూశాడు. జారకుండా పట్టుకుంది. పదునుకు అదే పరీక్ష. "ఉక్కు మంచిది, కీలే ముసలిదైంది" అన్నాడు. దిగేటప్పుడు ఒకరి పేరు ఒకరం అడగలేదని తరవాత గుర్తుకొచ్చింది.

రాంపూరులో గ్రంథాలయం గురించి రాస్తే ఈ వ్యాసం చాలదు. 1774లో నవాబు ఫైజుల్లాఖాన్ పుస్తకాలతో మొదలైంది. ఇప్పుడున్న హామిద్ మంజిల్ అనే రాజభవనంలోకి 1957లో చేరింది. అరబ్బీ, పారశీక గ్రంథాల మధ్య మన తెలుగు తాటాకులు కూడా చోటుచేసుకున్నాయి. అయితే గేటు దగ్గర సంచీతోపాటు చాకు కూడా అప్పగించాల్సి వచ్చింది. కాపలావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రాంపూరుకు చాకు తెచ్చుకున్నారా సాబ్!" అన్నాడు. కాశీకి గంగనీళ్లు మోసుకెళ్లినవాణ్ణి చూసినట్లే చూశాడు. సాయంత్రం బజారుకు దారి చెప్పిందీ అతనే.

రాంపూరీ అనగానే మనకు హిందీ సినిమాలు జ్ఞాపకం వస్తాయి. 1965లో వచ్చిన 'వక్త్'లో రాజ్‌కుమార్ చాకు దృశ్యం చూసినవారు మరచిపోరు. ఆ తరవాత ఎన్ని సినిమాల్లో ఎందరు రౌడీలు దాన్ని చప్పుడు చేస్తూ తెరిచారో! నేను వెళ్లిన దుకాణంలో ముసలి పనివాడు ఈ మాట ఎత్తగానే మొహం ముడుచుకున్నాడు. "సినిమా మాకు పేరు తెచ్చింది, గిరాకీ పట్టుకుపోయింది. నవాబుల కాలంలో ఇది ఇంటింటి సరుకు" అన్నాడు. నాలుగున్నర అంగుళాలు దాటిన అలుగు మీద ప్రభుత్వం ఆంక్ష పెట్టాక చాలామంది పని మానుకున్నారట. ఆ ఊళ్లోనే ఒక కూడలిలో 2023లో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. "పెద్ద చాకుకు విగ్రహం, చిన్న చాకుకు అనుమానం" అని నవ్వాడాయన. ఆ నవ్వులో సంతోషం ఎంతో నేను చెప్పలేను.

నా చాకు అందించాను. దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "లోపలి కమాను మార్చాలంటే మేకులు ఊడదీయాలి. పాత కొమ్ము, పగిలితే నా పూచీ లేదు. మేకు బిగించి చూస్తాను" అన్నాడు. తరవాత అలుగును కంటికి దగ్గరగా పట్టుకుని, "దీనికి పదును పెట్టినవారిది ఎడమచేతి వాటమా?" అని అడిగాడు.

నేను నివ్వెరపోయాను. నాన్నగారు కుడిచేత్తోనే రాసేవారు. చిన్నప్పుడు తాతగారు వేళ్లమీద కొట్టి చెయ్యి మార్పించారని మా మేనత్త చెప్పేది. కాని సాయంత్రం అరుగుమీద కూర్చుని, రాతిమీద రెండు నీటిచుక్కలు చల్లి చాకు నూరేటప్పుడు మాత్రం ఎడమచెయ్యే. ఆ చెయ్యిని నేను పూర్తిగా మరచిపోయాను. ఆయన పోయి పదకొండేళ్లయింది.

"వాదర ఒకపక్కే అరిగింది చూడండి. చక్రం మీద రెండుపక్కలా సమం చేస్తే కొత్తదానిలా ఉంటుంది. ఐదు నిమిషాల పని" అన్నాడు.

"వద్దు. కీలు చాలు" అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు. చిన్న సుత్తితో మేకు తలమీద టకటక కొట్టడం, అలుగు తెరిచి మూయడం, మళ్లీ కొట్టడం. ఒక దెబ్బ ఎక్కువైతే కొమ్ము పగులుతుందని ఆయన చెప్పిన మాటే నా చెవుల్లో ఉంది. చివరకు రవంత నూనె వేసి, మూసి బల్లమీద పెట్టాడు. నా చేతికి ఇవ్వలేదు! తెరిచి చూస్తే అలుగు కదలకుండా నిలబడింది. మజూరీ అడిగితే ముప్పై రూపాయలన్నాడు. మరీ తక్కువ అనిపించి, మూడంగుళాల ఇత్తడిపిడి చాకు ఒకటి కూడా కొన్నాను.

దానితో మా ఆవిడ ఇప్పుడు బెండకాయలు తరుగుతోంది. కత్తిపీటకంటే బాగుందని ఒప్పుకుంది కూడా. అది రాంపూరీ అని మాత్రం పక్కింటివాళ్లకు చెప్పవద్దంది.