రెండు రోజులు, మూడు పాళీలు

మొన్న నవంబరులో మా తెలుగు సంఘం నుండి 43 మందిమి లోనావ్లా పోయి వచ్చినాము. శనివారం పొద్దున పోయి ఆదివారం రాత్రికి ఇండ్లకు చేరినాము. వల్వన్ చెరువు దగ్గర ఒక పాత పెంకుల బంగ్లా కిరాయికి దొరికింది. అయ్యగారు దీనికి రిట్రీట్ అని పేరు పెట్టినారు. ముసలివాళ్ళకు తెలియాలని ‘విశ్రాంతి కూడిక’ అని కూడా చెప్పినారు. ఎంత ఖర్చయింది, ఏం చూసినారు, మేము కూడా పోవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు. అందరికీ ఒక్కసారే చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

ఖర్చు తలకు 700 రూపాయలు. నెలకు వంద చొప్పున ఏడు నెలలు స్త్రీల సమాజం డబ్బాలో వేసుకున్నాము. కిరాయి, రైలు, సరుకులు అన్నీ అందులోనే.

పోయేముందు వంట దగ్గర ఒక మాట వచ్చింది. బంగ్లా కాపలా ఆయన భార్య వండి పెడతానన్నది కానీ తలకు ఇంకో 300 అడిగింది. కమిటీ పెద్దలు, “మన ఆడోళ్ళు ఉండంగ పైసలెందుకు దండుగ?” అన్నారు. కోపంగా అనలేదు, ఎప్పుడూ అనే మాటే. ఆడవాళ్ళం కూడా తల ఊపి వచ్చినాము.

ఆ రాత్రి మా మూలఖోలీ అక్క నా దగ్గరికి వచ్చి కూర్చున్నది. ఆమె, నేను ఒకే మిల్లులో వైండింగ్ ఖాతాలో ఇరవై ఏండ్లు పక్కపక్కన నిలబడి పనిచేసినాము. వేళ్ళ మీద లెక్కపెట్టింది. “రెండు రోజులు, అయిదు పూటల తిండి, నాలుగు సార్లు చాయ. ఇంట్ల అయిదుగురికి వండుతున్న, ఆడ నలభై మందికి వండాలె. ఏడు నెలలు పైసలు కట్టింది దీనికేనా చెల్లే?” అన్నది. నాకు జవాబు దొరకలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయినాక నేను లేచి నిలబడినాను. “అయ్యగారూ, మిల్లుల మూడు పాళీలు ఉండె. ఎవల పాళీ వాళ్ళు చేసి ఇంటికి పోయేది. ఒక్క పాళీ వాళ్ళతోని మూడు పాళీలు చేపిస్తే ఊరుకుంటుంటిమా? వంట కూడ గట్లనే పెడదాం. మొగోళ్ళు, ఆడోళ్ళు, పిల్లలు, అందరి పేర్లు రాద్దాం” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సాంచా ఖాతాలో పనిచేసిన పెద్దన్న ఒకాయన నవ్వి, “మరి జాబర్ ఎవరు?” అని అడిగినాడు. “నువ్వే అన్నా” అన్నాను. అట్ల తీర్మానం అయింది. కాగితం మీద మూడు పాళీలు రాసి గోడకు అంటించినాము.

కళ్యాణ్‌లో రైలెక్కినాము. కర్జత్‌లో ఘాట్ ఎక్కడానికి బండి వెనక ఇంకో ఇంజన్లు తగిలిస్తారు. అంతవరకు పిల్లలు దిగి వడా పావ్ తెచ్చుకున్నారు. ఘాట్‌లో సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లల అరుపులు. లోనావ్లాలో దిగితే చల్లగాలి. చెరువు గట్టున నిలబడి చూస్తే నీళ్ళు కదలకుండా పరుచుకొని ఉన్నాయి.

ఆ నీళ్ళ సంగతి మా గుంపులోని పెద్ద బావ చెప్పినాడు. ఆయన మిల్లులో ఎలక్ట్రిక్ ఖాతా మనిషి. ముందు ముంబై మిల్లులు బొగ్గు, ఆవిరి మీద నడిచేవట. లోనావ్లా, వల్వన్, శిరవ్తా చెరువులలో వాన నీళ్ళు పట్టి, గొట్టాలలో ఘాట్ కిందికి వదిలి, ఖోపోలీలో టాటా వాళ్ళు కరెంటు తీయడం మొదలుపెట్టింది 1915లో. ఆ కరెంటు మొదట పోయింది మిల్లులకే. తర్వాత 1922లో భివ్‌పురీలో ఇంకొకటి వచ్చింది. దానికి నీళ్ళిచ్చే నది పేరు ఆంధ్ర నది. “మన ఊరి పేరు నది ఈడ కూడ ఉన్నదా?” అని పిల్లలు నవ్వినారు. కానీ అవన్నీ ఒకప్పుడు రైతుల పొలాలు. ముల్షీ దగ్గర ఆనకట్ట కట్టేటప్పుడు రైతులు సేనాపతి బాపట్ వెంట సత్యాగ్రహం చేసినారని కూడా బావ చెప్పినాడు.

మేము ఇన్నేండ్లు ఏ మిషన్ల ముందు నిలబడినామో వాటిని తిప్పిన నీళ్ళల్లో ఇవి కూడా ఉన్నాయన్న మాట. మూలఖోలీ అక్క చాలాసేపు ఆ నీళ్ళనే చూసి, “అయితే ఇది కూడ మన మిల్లు మనిషే” అన్నది.

సాయంత్రం అయ్యగారు విశ్రాంతి దినం గురించి వాక్యం చెప్పినారు. దేవుడు ఆ ఆజ్ఞ ఇచ్చినప్పుడు యజమానికి మాత్రమే ఇవ్వలేదు, దాసునికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా చెప్పినాడు అన్నారు. పెద్ద బావ లేచి ఇంకొక మాట కలిపినాడు. ముంబై మిల్లుల్లో మొదట్లో ఆదివారం సెలవు లేదు. పొద్దు పొడిచిన కాడి నుండి పొద్దు గూకే దాకా పనే. నారాయణ్ మేఘాజీ లోఖండే గారు 1884లో కార్మికులను కూడగట్టి వారానికి ఒక రోజు సెలవు అడిగినారు. ఆయన జ్యోతిబా ఫూలే గారి మనిషి. ఆరేండ్లు అడిగి అడిగి, 1890 జూన్ 10న ఆదివారం సెలవు సంపాదించినారు. మనం ఈరోజు ఆదివారం గుడికి పోతున్నామంటే, దాని కింద ఆ కార్మికుల కష్టం ఉన్నది. నాకు ఆ మాట కొత్త.

కానీ ఆడవాళ్ళకు ఆ ఆదివారం ఎప్పుడు వచ్చింది? చట్టం ప్రకారం మాకు మిల్లులో రాత్రి పాళీ లేదు. పొద్దున ఏడింటికి పోతే మధ్యాహ్నం మూడున్నరకు భోంగా మోగేది. ఇంటికి వస్తే నల్లా నీళ్ళు, రేషను, గాసునూనె, వంట. అది మా రెండో పాళీ, దానికి భోంగా లేదు. ఆదివారం వస్తే వారం బట్టలు.

1982 జనవరి 18న దత్తా సామంత్ గారి సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని వదిలినాము. అప్పుడు నెలల కొద్దీ ఇంట్లో ఉన్నాము, కానీ అది విశ్రాంతి కాదు, ఆకలి. తర్వాత మిల్లులు మూతపడినాయి. మూలఖోలీ అక్క పెనిమిటికి అప్పటినుండి సరైన పని దొరకలేదు. మంచం మీద కూర్చుండి పోయినాడు. అక్క మూడిండ్లలో గిన్నెలు తోమి ఇల్లు నడిపింది. ఆయనకు పని లేదు, విశ్రాంతి కూడా లేదు. పని లేక కూర్చున్న మనిషి లోపల ఎంత అలిసిపోతాడో మా చాళ్ళలో అందరికీ తెలుసు.

శనివారం రాత్రి పాళీ మొగవాళ్ళది. పిండి ఎక్కువ తడిపినారు, చపాతీలు ఏ జిల్లా పటం లాగ వస్తే ఆ జిల్లా పేరు పెట్టి నవ్వుకున్నారు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడ్డది. అందరం తిన్నాము. అక్క పెనిమిటికి గిన్నెల పని వచ్చింది. మాట్లాడకుండా కూర్చుని పెద్ద గంజును ఇసుకతో, పీచుతో తోమినాడు. అడుగు మాడింది పోయేదాకా లేవలేదు. జాబర్ అన్న వచ్చి, “పాస్” అన్నాడు. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు చూసినాను. చాలా ఏండ్లకు ఎవరో ఆయన పనిని చూసి బాగుందన్నారు.

అక్కకు మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాలేదు. రెండుసార్లు వంటింట్లోకి పోయింది, రెండుసార్లు పంపించినారు. “నాకేం చెయ్యాల్నో తెలుస్తలేదు చెల్లే” అన్నది. గట్టు మీద నా పక్కన కూర్చున్నా వేళ్ళు కదులుతూనే ఉన్నాయి, తెగిన దారం ముడేసినట్టు.

ఆదివారం ఆరాధన, భోజనం అయినాక చెట్టు కింద చాప మీద ఒరిగింది. అట్లనే నిద్రపోయింది. చాయ వేళ దాటిపోయింది, ఎవరూ లేపలేదు. లేచి చూసేసరికి ఎండ పోయింది. “ఎందుకు లేపలేదు? చాయ ఎవరు పెట్టినరు?” అని కోపానికి వచ్చింది. యువజనుల పాళీలో ఉన్న ఒక చిన్న పోరడు చాయ గ్లాసు చేతికిచ్చి, “నీ పాళీ కాదు కదా అవ్వా” అన్నాడు. అక్క గ్లాసు పట్టుకొని ఏడ్చింది. పట్టపగలు నిద్రపోవడం, జ్వరం లేకుండా, ఆమెకు అదే మొదలట.

తిరిగి వచ్చినాక పెద్ద మార్పులేమీ జరగలేదు. అక్క ఇప్పటికీ రెండిండ్లకు పనికి పోతున్నది. పొద్దున చాయ మాత్రం ఆయన పెడుతున్నాడట. రోజూ కాదు, వారానికి నాలుగు రోజులు. క్రిస్మస్ విందుకు కూడా పాళీల కాగితం రాయాలని కమిటీ ఒప్పుకున్నది. ఒకరిద్దరు గొణిగినారు, కానీ పేర్లు ఇచ్చినారు.

మీ వాడల్లో, మీ సంఘాల్లో, భజన మండళ్ళలో ఎవరైనా ఇట్ల పోవాలనుకుంటే నా మాట ఒకటే. నెలనెలా కొంచెం కొంచెం జమ చేసుకోండి. చలి ఉంటుంది, ముసలివాళ్ళకు దుప్పట్లు పట్టుకపోండి. పిల్లలను నీళ్ళలోకి దిగనియ్యకండి, చెరువు లోతు పైకి కనబడదు. అన్నిటికంటే ముందు, రైలు టిక్కెట్లకంటే ముందు, పాళీల కాగితం రాసి గోడకు అంటించండి.