కొండవాగు, తిమింగల సొర

ముంచింగిపుట్టులో ఉండే మాకు సముద్రం చూడాలంటే పాడేరు మీదుగానో అరకు మీదుగానో ఘాటు దిగి విశాఖపట్నం దాకా వెళ్లాలి. మా ముసలివాళ్లలో సముద్రాన్ని చూడకుండానే కన్నుమూసినవారు చాలామంది. అయినా సంతరోజున సముద్రం మా దగ్గరకే వస్తుంది. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు, అప్పుడప్పుడు సొర ముక్కలు. బాలింతకు పాలసొర పెడితే పాలు పడతాయని మా పెద్దల మాట. అందుచేత సొర అంటే మాకు కూర, అంతే.

అలాంటిది, సొరలలో ఒకదానికి పులితో సమానంగా చట్టం కాపలా ఉందని పిల్లలు బడిలో విని వచ్చి చెబితే ఇంట్లో అందరం నవ్వాం. మా అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. “మరి వల తెగినవాడికి కూడెవరు పెడతారు?” అని అడిగింది. అడవి పందులు సామ చేను తొక్కి పోయిన రాత్రులు ఎరిగిన మనిషి ఆమె. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేక మేము ఆ సంగతి తెలుసుకున్నాం.

దానిని తిమింగల సొర అంటారు. చేపలన్నిటిలోకీ పెద్దది. 18 మీటర్ల వరకు పెరగగలదు. అంత నోరున్నా మనుషుల జోలికి రాదు. నీటిలో తేలే కంటికానని జీవులను, చిన్న చేపలను వడగట్టుకుని తింటుంది. గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఆలస్యంగా ఈడుకొస్తుంది గనుక ఒకసారి తగ్గిన సంతతి తొందరగా పెరగదు. మన దేశంలో 2001లో దాని వేటను నిషేధించారు.

కాపాడాలంటే అది ఎప్పుడు ఎక్కడ తిరుగుతుందో తెలియాలి. మా ఊళ్లో మేకలకు గుర్తులు పెట్టుకున్నట్టే దీనికీ గుర్తుంది. వీపు మీది తెల్ల చుక్కల అమరిక ఏ రెండింటికీ ఒకటిగా ఉండదు. ఫోటోలలోని ఆ చుక్కలను సరిపోల్చడానికి శాస్త్రజ్ఞులు ఆకాశంలో నక్షత్రాలను గుర్తుపట్టే లెక్కనే వాడుకున్నారు. మరికొన్నిటి రెక్కకు చిన్న యంత్రం తగిలిస్తారు. చేప పైకి తేలినప్పుడు అది ఉపగ్రహానికి కబురు పంపుతుంది. గుజరాత్ తీరంలో 2011లో మొదలుపెట్టి అలాగే కొన్నిటి జాడ తీశారు. పసిఫిక్ మహాసముద్రంలో ఒక సొర 20,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించినట్టు ఈ విధంగానే తెలిసింది. ఇన్ని దేశాల నీళ్లు దాటేదానిని ఒక్క ఊరివాళ్లు కాపాడలేరు, ఒక్క దేశమూ కాపాడలేదు.

మన తీరంలోనూ ఇటువంటిది జరిగింది. 2021 డిసెంబరులో తంతడి దగ్గర ఒక తిమింగల సొర వలలో చిక్కి ఒడ్డుకు వచ్చింది. అప్పుడు తంతడి, ముంచింగిపుట్టు రెండూ ఒకే విశాఖ జిల్లాలో ఉండేవి. మత్స్యకారులు, అటవీశాఖవారు కలిసి దానిని ప్రాణంతో లోతునీటికి తోలారు. దాని ఫోటోలను మాల్దీవులలో వీటిని పరిశీలించేవారికి పంపారు, ఇదివరకు ఎక్కడైనా కనిపించిందేమో పోల్చి చూడమని. ఇలా వదిలిపెట్టినందుకు వల పాడైతే నష్టపరిహారం ఇస్తామని అటవీశాఖ చెప్పింది. గుజరాత్‌లో 2004 నుంచి సాగిన ప్రచారం వల్ల వందల సొరలను జాలరులు తమ వలలు తామే కోసి వదిలిపెట్టారు. అక్కడ కూడా తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది.

ఇదంతా విని అమ్మమ్మ, “డబ్బు చేతికొచ్చేదాకా పొయ్యి మీద ఏం పెడతాడు?” అంది. ఆ మాట నిజమే. సొరను కాపాడే పనిలో జాలరి ఇంటి పొయ్యి కూడా ఒక భాగమని మేము గ్రహించాం. పరిహారం ఆలస్యమైతే రెండోసారి వల కోయడానికి చెయ్యి రాదు. పైగా ఆ సొర ఏ నెలలో ఏ లోతున తిరుగుతుందో అందరికంటే ముందు తెలిసేది అతనికే. అతను చెప్పిన ప్రతి సంగతీ పటం మీద ఒక చుక్క.

మరి మన సంగతి? మన మాచ్‌ఖండ్ నీరు సీలేరై, శబరిలో కలిసి, గోదావరితో బంగాళాఖాతం చేరుతుంది. నది తెచ్చే ఒండ్రు మట్టి సారంతోనే సముద్రంలో ఆ కంటికానని జీవులు పెరుగుతాయి. అంటే ఆ పెద్ద చేప కంచంలోకి పోయే మెతుకులలో కొన్ని మన కొండల మీద మొదలవుతున్నాయి. పురుగుమందు డబ్బాలు వాగులో కడగకుండా, సంత అయిపోయాక ప్లాస్టిక్ సంచులు గెడ్డలో పడకుండా చూసుకోవడం మన చేతిలో పని. ఈ సంగతి పిల్లలకు వాగు గట్టున నిలబెట్టి చెబుదాం. ఈ నీరు ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలియాలి.