నల్లపాడు కల్లాల్లో కంటికి కనిపించని నీరు

గుంటూరుకు పడమటి అంచున ఉన్న నల్లపాడు ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. సికింద్రాబాదు వైపు, నంద్యాల వైపు సాగే రైలుమార్గాలు ఇక్కడి జంక్షన్‌లోనే విడిపోతాయి. పట్టణపు సందడి ఎంత పెరిగినా, ఫిబ్రవరి వచ్చిందంటే ఊరి వెలుపలి ఖాళీ నేలలు మిరప కల్లాలై ఎర్రబడతాయి.

ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని, నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని అటు నడిచాను. రాత్రి చినుకైనా పడలేదు. అయినా కాయల రాశిపై కప్పిన పట్టా తడిసి ఉంది. ఒక పిల్లవాడు దానిపై వేలితో గీత గీసి, "ఉస్తాద్, ఈ నీరు ఎక్కడిది?" అని అడిగాడు.

నిన్న మధ్యాహ్నం మన చుట్టూ ఉన్న గాలిలోనిదే అన్నాను. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీరు ఆవిరిగా నిలవగలదు. 20 డిగ్రీల దగ్గర నిలవగలిగేది సుమారు 17 గ్రాములే. గాలిలో 17 గ్రాముల ఆవిరి ఉందనుకుందాం. మధ్యాహ్నం అది సగానికి కాస్త ఎక్కువ. తెల్లవారుజామున అదే నిండు. నీరు పెరగలేదు, దానికి చోటు తగ్గింది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే పట్టా గాలికంటే చల్లబడుతుంది. చోటు చాలని ఆవిరి దానిపై మంచుగా దిగుతుంది.

వుజూ చేసిన చేతులే దీనికి కొలమానం. పొడి పడమటి గాలికి అవి క్షణాల్లో ఆరి చల్లబడతాయి. సముద్రపు గాలి తేమను మోసుకొచ్చిన నాడు తడి ఆరదు, ఒళ్ళంతా ఉక్కపోస్తుంది. మిరపకాయ సంగతీ అంతే. ఎండ ఒక్కటే చాలదు, దాని నీటిని తీసుకునే చోటు గాలిలో ఉండాలి.

ఇంతలో వృద్ధ రైతు వచ్చి, పట్టా కింది నుంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలలాడలేదు.

"ఇంకో రెండ్రోజులు ఎండాలి, సాయిబు గారూ."

"యార్డులో ధర బాగుందంటున్నారు కదా?"

"అందుకే మావాడు తొందరపడుతున్నాడు. రేపెట్టా ఉంటదో తెలవదు. అయినా మెత్తకాయ టిక్కీలో తొక్కితే లోపల బూజు పడుద్ది."

ఆ మాటలో ఎంత నష్టభయం ఉందో లెక్కవేస్తే తెలుస్తుంది. పది శాతం తేమతో నూరు కిలోలు తూగే కాయ, పదిహేను శాతం తేమతో దాదాపు నూట ఆరు కిలోలు తూగుతుంది. ఆ ఆరు కిలోలూ నీరే. కొనేవాడు నీటికి మిరప ధర చెల్లిస్తాడు. ఆ తేమలో పెరిగే కొన్ని బూజులు కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. కారం దంచినా, కూరలో ఉడికించినా అది పూర్తిగా పోదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలిన వృత్తాంతం పిల్లలకు గుర్తుచేశాను. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. తడిసిన దానిని అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. వాన పడటం అతని తప్పు కాదు. తడిని దాచటమే తప్పు.

మేము తిరిగి వచ్చే వేళకు ఎండ ఎక్కింది. పట్టా మీద పిల్లవాడు గీసిన గీత మాయమైంది. మంచు పూర్తిగా ఆరిందని చేత్తో తడిమి చూసుకున్నాకే రైతు పట్టా తొలగించి, కాయలను మరోసారి ఎండకు పరిచాడు.