పాత కారు నాడి పట్టిన డాక్టరు

కార్లో హీటరంటే మనకు నవ్వొస్తుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఎండలో పెట్టిన కారు తలుపు తీసి చూడండి... కారే పెద్ద హీటరు! ఇంగ్లండులో సంగతి వేరు. అక్కడ నవంబరు వచ్చిందంటే, అద్దాలు మూసిన కార్లో ఇద్దరు కూర్చుంటే చాలు. వాళ్ల ఊపిరిలోని తడంతా ముందు అద్దానికి పట్టేస్తుంది. ఎదురుగా వచ్చే లారీ కూడా మసగ్గా నీడలా కనిపిస్తుంది. వేడిగాలి అద్దానికి తగిలితేనే ఆ మసక విడిపోయేది. అంటే, ఆ దేశంలో హీటరు కాళ్లకు వెచ్చదనం కోసమే కాదు, కళ్లకు దారి కనిపించడం కోసం కూడా.

లెస్టర్‌లో స్థిరపడిన ఓ గుంటూరు డాక్టరుగారికి ఈ విషయం ఇల్లాలే గుర్తుచేశారు. ఆయన రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్నది 1972 నాటి ఎంజీబీ జీటీ. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్‌లో 5 లక్షలకు పైగా తయారైన ఎంజీబీల్లో ఇదీ ఒకటి. మన అంబాసిడర్‌కు ఒకరకంగా దాయాది. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజినూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజినూ ఒకే కుటుంబానివి. డాక్టరుగారి మోజుకు సగం కారణం అదే. బానెట్ ఎత్తితే చిన్నప్పటి ఊళ్లోని టాక్సీ స్టాండు గుర్తొస్తుందట!

అంతా బాగానే ఉందిగానీ, హీటరు స్విచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ‘పంకా తిరిగేదాకా నేను ఆ కారెక్కను. మీకు రోడ్డు కనపడకపోతే నాకు ప్రాణం మీదికొస్తుంది’ అనేశారావిడ. అందులో తప్పేముంది? బ్రిటన్‌లో 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉంటే, ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అంటే కారు మంచిచెడ్డలు చూసుకోవాల్సింది యజమానే.

డాక్టరుగారు వెంటనే కొత్త మోటారుకు ఆర్డరు పెట్టబోయారు. ‘పేషెంటు రాగానే పరీక్షలేవీ లేకుండా ఆపరేషన్ చేసేవారా మీరు?’ అందావిడ. నలభై ఏళ్ల వృత్తిలో ఆయనకు ఎదురైన ప్రశ్నలన్నింటిలోకీ కష్టమైనది ఇదేనేమో. ఆర్డరు ఆగింది. ఓ నోటు పుస్తకం, పన్నెండు వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్టు ల్యాంపు, ఒక మల్టీమీటరు బయటికొచ్చాయి.

బ్రిటిష్ పాత కార్లలో ఓ సుగుణం ఉంది. వైర్ల రంగులకు అర్థం ఉంటుంది. గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెల్లది తాళం తిప్పితే. ఆకుపచ్చ కూడా తాళంతోనే, కాకపోతే ఫ్యూజు దాటి వస్తుంది. నల్లది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఈ కారులో ఆకుపచ్చ వైరు స్విచ్చి దాకా వస్తుంది. అక్కణ్నుంచి పసుపు చార ఉన్న ఆకుపచ్చ వైరు మోటారుకు వెళ్తుంది.

ముందు ఫ్యూజు పెట్టె తెరిచారు. గుండె గుభేలుమంది! మునుపెవరో ఆకుపచ్చ వైర్ల ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టేశారు. ఫ్యూజు పనే తను కాలిపోయి వైర్లను కాపాడటం. కాగితం చుడితే అది కాలదు, వైర్లు కాలతాయి. పైగా బ్రేకు లైట్లూ, ఇండికేటర్లూ కూడా ఈ ఫ్యూజు మీదే బతుకుతాయి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఇంకోటుంది. పాత బ్రిటిష్ ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది కాలిపోయే హద్దు. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. ఆ అంకె చూసి ఇప్పటి మామూలు 35 ఆంపియర్ల ఫ్యూజు పెడితే, అదీ వెండికాగితానికి తమ్ముడే. డాక్టరుగారు సరైనది వేసి తాళం తిప్పారు. ఇండికేటర్లు వెలిగాయి. అంటే ఫ్యూజు దాకా, దాటాక కూడా కరెంటు ఉంది. పంకా మాత్రం కదల్లేదు.

తరవాత మోటారు. ఈ కార్లో హీటరు పెట్టె ఇంజిను వెనక, బానెట్ కిందే ఉంటుంది. పెట్టె మొత్తం ఊడదీయడం మహా నరకం. నయమేమిటంటే, మోటారు వైర్లు అంత పనిలేకుండానే చేతికి అందుతాయి. ఆ రెంటినీ విడదీసి, మధ్యలో ఓ ఫ్యూజు పెట్టి బ్యాటరీకి నేరుగా కలిపారు. ముక్కుతూ మూలుగుతూనే అయినా పంకా తిరిగింది! కొత్త మోటారు డబ్బులు మిగిలాయి.

ఇక దోషం దారిలోనే ఉండాలి. వైర్లు మళ్లీ కలిపి, ల్యాంపు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు తగిలించి రెండో కొసతో వెతుక్కుంటూ పోయారు. స్విచ్చికి ముందు వెలిగింది. స్విచ్చి దాటాక వెలిగింది. మోటారు గుమ్మం దాకా వెలిగింది. చివరికి నల్లవైరు మీద పెట్టారు. అక్కడా వెలిగింది! అక్కడ వెలగకూడదు. నల్లవైరు ఎర్త్‌కు సరిగ్గా కలిసుంటే బల్బుకు రెండువైపులా మైనస్సే కదా. మీటరు పెడితే సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట 7 వోల్టులు! కరెంటు మోటారు దాకా బాగానే వెళ్తోంది, తిరిగి రావడానికి దారి లేదు. చూడగా, నల్లవైర్లు కలిసే బుల్లెట్ కనెక్టరు లోపలంతా పచ్చటి చిలుము. చిన్న బల్బుకు కావలసిన కాస్త కరెంటు చిలుములోంచి కూడా దూరిపోతుంది. మోటారుకు కావలసినంత దూరదు. బల్బు వెలిగింది కాబట్టి వైరు బాగుందనుకునేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

అప్పటి బ్రిటిష్ కార్లకు ఎలక్ట్రికల్ సామాన్లిచ్చిన లూకాస్ కంపెనీని ‘చీకటి యువరాజు’ అని ఎగతాళి చేయడం అక్కడి వాళ్లకు అలవాటు. యాభై ఏళ్లు వానలో, చలిలో నానితే ఎవరి రాగికైనా చిలుము పట్టదా!

ఉప్పుకాగితంతో కొసలు రుద్ది, కొత్త తొడుగు వేసేసరికి సాయంత్రమైంది. స్విచ్చి నొక్కగానే పంకా గుర్రుమంది. మోటారు ఎప్పుడైనా బిగుసుకుపోయినా బ్రేకు లైట్లు ఆరిపోకుండా, డాక్టరుగారు పంకా ఒక్కదానికే వేరే చిన్న ఫ్యూజు కూడా పెట్టారు. ఆవిడ శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నారు. వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. అద్దం మీద మసక కింది నుంచి మెల్లగా విడిపోసాగింది.

‘గాలి వస్తోందిగానీ గోరువెచ్చగానే ఉందేమండీ?’ అన్నారావిడ. ఇంజిను మీది వేడినీళ్ల వాల్వు పూర్తిగా తెరుచుకోవడం లేదేమో! డాక్టరుగారు నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, దాని కేబులు బొమ్మ గీయడం మొదలుపెట్టారు.